ముహర్‌కూ ఒక మీయాద్ ఉంటుంది



గడిచిన రమజాన్ ఇరవై ఏడో రాత్రి. ప్యాపిలిలో తరావీహ్ ముగించుకుని ఇంటికొచ్చి, కాసేపు నడుం వాల్చి మళ్ళీ ఇబాదత్‌కు మస్జిద్‌కు వెళ్దామనుకుంటుండగా హైదరాబాద్ నుంచి మా భాంజా ఫోన్ చేశాడు. "మామూ, దువా కరో. సబ్ బంద్ పడ్‌గయా" అన్నాడు. గొంతు వణుకుతోంది.

వాడిది సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. కొన్ని ఆస్పత్రుల ల్యాబ్ రిపోర్టులు నడిచే కంప్యూటర్ల గుంపును, వాళ్ళ మాటలో క్లస్టర్‌ను, కనిపెట్టుకుని ఉండటం వాడి పని. ఆ రాత్రి పదకొండున్నర నుంచి ఒక్క రిపోర్టూ తెరుచుకోలేదట. ఐసీయూ బయట మనుషులు నిలబడి అడుగుతున్నారట. మెషిన్లు బాగున్నాయి, కరెంటు ఉంది, నెట్ ఉంది, దొంగలెవరూ చొరబడలేదు. మరేమైందిరా అంటే, "ఖాలీ ఏక్ తారీఖ్ గుజర్ గయీ, మామూ" అన్నాడు. ఒక తేదీ దాటిపోయింది, అంతే.

గంట తర్వాత "అల్‌హమ్దులిల్లాహ్, చాలూ హోగయా" అని మెసేజ్ వచ్చింది. అసలు సంగతి ఈద్‌కు ఊరికొచ్చాక, షీర్ ఖుర్మా గిన్నె చేతిలో పట్టుకుని చెప్పాడు. రిపోర్టు చూపించే ప్రోగ్రామ్ వేరు, రిపోర్టులు దాచే డేటాబేస్ వేరు. మొదటిది రెండోదానితో మాట్లాడే ముందు దాని సర్టిఫికెట్ చూడాలి. ఆ సర్టిఫికెట్ గడువు ఆ రాత్రి తీరింది. కొత్తది ఎలా చేయాలో తెలిసిన మనిషి ఎప్పుడో కంపెనీ వదిలి వెళ్ళిపోయాడు. రాసిపెట్టిన కాగితమూ లేదు. దిక్కుతోచక వీడు ఆ తస్దీఖ్‌నే ఆపేశాడు. అంటే ఎదుటివాడెవడో చూడకు, ఎవడు పలికినా మాట్లాడెయ్ అని ప్రోగ్రామ్‌కు చెప్పేశాడు. రిపోర్టులు వచ్చాయి. పైవాళ్ళు శభాష్ అన్నారు.

"అభీ తక్ వైసాచ్ హై, మామూ" అని తల దించుకున్నాడు.

కంప్యూటర్ల పని నాకు రాదు. అయినా వాడు చెప్పిందంతా విన్నాక ఇది మనకు కొత్త సంగతేమీ కాదనిపించింది. ఇది ముహర్ కథ. ఆ కథ తారీఖ్ మనవాళ్ళకు పద్నాలుగు వందల ఏళ్ళుగా తెలుసు.

చాందీ ఉంగరం

హుదైబియా సులహ్ తర్వాత, క్రీ.శ. 628 ప్రాంతంలో, రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం చుట్టుపక్కల బాద్‌షాలకు ఖత్‌లు పంపాలని తలపెట్టారు. ముహర్ లేని ఖత్‌ను ఆ రాజులు చదవరని సహాబాలు అర్జ్ చేశారు. అప్పుడు చాందీ ఉంగరం చేయించి దానిమీద ముహమ్మద్, రసూల్, అల్లాహ్ అని మూడు వరుసల్లో చెక్కించారు. ఇటువంటి నక్ష్ మరెవరూ తమ ఉంగరం మీద చెక్కించుకోవద్దని హుకుం కూడా ఇచ్చారు. సహీ బుఖారీలో ఈ రివాయత్‌లు ఉన్నాయి.

ఆ ఒక్క హుకుంలో చాలా ఉంది. ఒకే నక్ష్ రెండు చేతుల్లో ఉంటే అది ముహర్ కాదు. ఖత్ ఎవరైనా చూడొచ్చు, ముద్రను ఎవరైనా గుర్తుపట్టొచ్చు, వేయగలిగేది మాత్రం ఒక్కరే కావాలి.

ఆ ఉంగరం తర్వాత అబూబకర్ రజియల్లాహు అన్హు చేతికి, ఉమర్ రజియల్లాహు అన్హు చేతికి, ఆపైన ఉస్మాన్ రజియల్లాహు అన్హు చేతికి వచ్చింది. ఉస్మాన్ గారి హయాంలో మదీనా దగ్గరి అరీస్ బావిలో పడిపోయింది. మూడు రోజులు వెతికారు, బావిలో నీళ్ళు తోడించారు. దొరకలేదు. అంత ముబారక్ అయిన వస్తువే చేజారిపోగలిగినప్పుడు, ముహర్ పోతే ఏం చేయాలన్నది ముందే ఆలోచించి పెట్టుకోవాల్సిన సంగతి అని మనకు అర్థం కావాలి.

లక్ష రెండు లక్షలైన కథ

ముఆవియా రజియల్లాహు అన్హు ఖిలాఫత్‌లో ఒక సంఘటన జరిగిందని తబరీ వంటి ముఅర్రిఖ్‌లు రాశారు. ఆయన ఒకరికి లక్ష దిర్హమ్‌లు ఇవ్వమని ఇరాక్ గవర్నర్ జియాద్ పేర ఖత్ రాసి, ఆ మనిషి చేతికే ఇచ్చి పంపారు. దారిలో ఖత్ విప్పి, లక్షను రెండు లక్షలుగా దిద్ది, సొమ్ము తీసుకున్నాడు. హిసాబ్ వచ్చినప్పుడు బండారం బయటపడింది. అప్పటినుంచి ఖలీఫా ఖత్‌లను చుట్టి, దారంతో కట్టి, మీద ముహర్ వేసి పంపడానికి దీవానుల్ ఖాతమ్ అనే దఫ్తర్ పెట్టారు.

ఉంగరం పంపినవాడెవరో చెప్పింది. దీవానుల్ ఖాతమ్ దారిలో అక్షరం మారలేదని చెప్పింది. ఇవాళ మన ఫోన్లో బ్యాంకు పేజీ తెరిచినప్పుడు సర్టిఫికెట్ చేసే పనులూ ఇవే. ఇది నిజంగా బ్యాంకే అని చెప్పడం ఒకటి, మధ్యలో ఎవడూ చదవకుండా, దిద్దకుండా మాట చేరేలా చూడటం రెండోది.

సనద్ అనే గొలుసు

ఇక మూడో ముక్క. ముహర్ అసలుదేనని చెప్పేదెవరు?

దీనికి మన ముహద్దిసీన్ ఇచ్చిన జవాబు ఇస్నాద్. ఒక హదీస్ చెప్పేవాడు తాను ఎవరినుంచి విన్నాడో, ఆ ఉస్తాద్ ఎవరినుంచి విన్నాడో, అలా రసూలుల్లాహ్ దాకా పేర్లు చెప్పాలి. గొలుసులో ఒక్క లంకె తెగినా రివాయత్ బలహీనమే. మదరసాల్లో ఉస్తాద్ షాగిర్ద్‌కు ఇచ్చే ఇజాజత్ కూడా ఇలాంటిదే. ఫలానా కితాబ్ ఇతను నా దగ్గర చదివాడు, ఇకమీద చదివించే హక్కు ఇస్తున్నాను అని రాసివ్వడం.

కంప్యూటర్ సర్టిఫికెట్ కట్టుబాటు కూడా గొలుసే. పైన ఒక మూలం ఉంటుంది, దాన్ని రూట్ అంటారు. అది కింద ఉన్నవాడికి ఇజాజత్ ఇస్తుంది. వాడు వెబ్‌సైట్‌కు ఇస్తాడు. మన ఫోన్‌లో ఏ రూట్‌లను నమ్మాలో ఒక జాబితా ముందే ఉంటుంది. వెబ్‌సైట్ చూపిన సనద్ కిందినుంచి పైకి వెళ్ళి ఆ జాబితాలోని పేరును తాకితేనే భరోసా. మా చిన్నప్పుడు జిరాక్స్ కాగితాలు పట్టుకుని గెజిటెడ్ ఆఫీసర్ పచ్చ ఇంకు దస్తఖత్ కోసం ఆఫీసు వరండాల్లో కూర్చునేవాళ్ళం. కాలేజీవాళ్ళకు మనం తెలియదు, ఆ ఆఫీసర్ హోదా తెలుసు. ఆయన మన కాగితానికి గవాహీ. పద్ధతి అదే.

మన గడ్డ మీద ముహర్

ముగల్ దర్బారులో అమీర్ల ముహర్‌ల మీద పేరూ ఖితాబూ మాత్రమే కాదు, హిజ్రీ సన్ కూడా చెక్కేవారు. కొత్త బాద్‌షా తఖ్త్ ఎక్కితే, కొత్త ఖితాబ్ వస్తే, కొత్త ముహర్ చెక్కించుకునేవారు. అంటే ముహర్ ఏ కాలానిదో దానిమీదే రాసి ఉండేది. చచ్చిపోయిన హోదాతో ఎవడైనా కొత్త ఫర్మాన్ పుట్టిస్తే ఆ సనే వాడిని పట్టిచ్చేది.

మన ప్రాంతం 1800లో నిజాం చేతినుంచి ఈస్టిండియా కంపెనీకి దత్తమండలాలుగా వెళ్ళింది. కర్నూలు నవాబ్ గులాం రసూల్ ఖాన్‌ను 1839లో కంపెనీ దించేసింది. సర్కార్ మారాక పాత సర్కార్ ముహర్‌కు విలువేమిటన్న ప్రశ్న ఊరూరా లేచింది. మస్జిద్‌లకు, దర్గాలకు, ఖాజీలకు, గుళ్ళకు, బ్రాహ్మణులకు పాత పాలకులు ఇచ్చిన ఇనాం భూములన్నీ ఆ సనద్‌ల మీదే నిలబడ్డాయి. మద్రాస్ సర్కార్ 1858లో ఇనాం కమిషన్ వేసింది. సనద్‌లు చూసింది, అనుభవం విచారించింది, ఒప్పుకున్నవాటికి కొత్తగా టైటిల్ డీడ్ ఇచ్చింది, రిజిస్టర్‌లో ఎక్కించింది. ఆ ఇనాం ఫెయిర్ రిజిస్టర్ ఈ రోజుకీ వక్ఫ్ భూముల కేసుల్లో కోర్టు ముందుకు వస్తూనే ఉంది.

కాగజ్ విలువ ఏమిటో మన ఇళ్ళలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. తాతల కాగితాన్ని కొత్త సర్కార్ ముందు తాజా చేయించుకున్నవాడి భూమి నిలిచింది. సందూక్‌లో దాచిపెట్టి అదే చాలనుకున్నవాడికి కష్టాలు వచ్చాయి.

అంకెలతో చేసిన ఉంగరం

అమెరికాలో 1976లో డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు కొత్త ఆలోచన చెప్పారు. ఒక తాళానికి రెండు చెవులు. ఒకటి లోకమంతటికీ పంచిపెట్టేది, ఒకటి ఒక్కడే దాచుకునేది. దాచుకున్నదానితో దస్తఖత్ చేస్తే, పంచిపెట్టినదానితో ఎవరైనా తస్దీఖ్ చేయొచ్చు. చాందీ ఉంగరం గురించి ఇచ్చిన హుకుం అంకెల్లోకి వచ్చినట్టయింది.

కానీ ఈ చెవి ఫలానా వాడిదేనని ఎవరు చెప్పాలి? 1978లో ఎంఐటీలో డిగ్రీ విద్యార్థి లోరెన్ కోన్‌ఫెల్డర్ తన థీసిస్‌లో దానికి ఉపాయం రాశాడు. పేరూ, పంచిపెట్టే చెవీ ఒకే చీటీ మీద రాసి, అందరూ నమ్మేవాడు దానిమీద దస్తఖత్ చేయాలి. దానికి సర్టిఫికెట్ అని పేరు పెట్టాడు. 1988లో ఎక్స్.509 అనే ప్రమాణం వచ్చింది. అందులో ప్రతి సర్టిఫికెట్ మీదా రెండు తేదీలు ఉంటాయి, ఎప్పటినుంచి, ఎప్పటిదాకా అని. ముగల్ ముహర్ మీది సన్ లాగా.

మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబర్ 17న అమల్లోకి వచ్చింది. డిజిటల్ దస్తఖత్‌కు కానూనీ హోదా దొరికింది. సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్ళకు లైసెన్స్ ఇవ్వడానికి ఒక కంట్రోలర్ వచ్చాడు. గొలుసు పైన ఉండే రూట్ ఆయనదే. మొదట్లో, 2002లో, లైసెన్స్ అందుకున్న కొద్దిమందిలో మన హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ ఒకటి. రిజర్వ్ బ్యాంక్ 1996లో పెట్టిన సంస్థ అది. బ్యాంకుల మధ్య నడిచే సందేశాల మీద పడే ముహర్‌లకు అది ఉస్తాద్. ఇప్పుడు బ్యాంకుల వెబ్‌సైట్ల పేర్లు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని ముగుస్తున్నాయి చూడండి, ఆ పేర్లు ఇచ్చే పని కూడా ఆ సంస్థదే.

2011లో చిత్తూరు జిల్లాలో మొదలైన మీసేవ ఈ ముహర్‌ను ఇంటింటికీ తెచ్చింది. కుల ధ్రువీకరణ పత్రమో, ఆదాయ పత్రమో పీడీఎఫ్ తెరిస్తే దస్తఖత్ మీద ఒక్కోసారి పసుపు రంగు ప్రశ్నగుర్తు కనిపిస్తుంది. నకిలీ అని గాబరా పడతాం. చాలాసార్లు జరిగేది వేరు. ఆ కంప్యూటర్ నమ్మే జాబితాలో భారత రూట్ పేరు లేదు, కాబట్టి గొలుసు ఎక్కడ ముగుస్తుందో దానికి తెలియదు. సనద్ సరైనదే, చదివేవాడికి ఆ ఉస్తాద్ పరిచయం లేడు.

ఖయానత్

సర్టిఫికెట్ ఇచ్చేవాడి ఇల్లే దోచుకుంటే? 2011లో నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సంస్థకు అదే జరిగింది. చొరబడినవాళ్ళు ఐదు వందలకు పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించారు. అందులో గూగుల్ పేర ఉన్నది ఇరాన్‌లో మనుషుల ఈమెయిల్ చదవడానికి వాడారు. దాని బలి సుమారు మూడు లక్షల కనెక్షన్లని దర్యాప్తులో తేలింది. బ్రౌజర్లన్నీ ఆ పేరును జాబితాలోంచి కొట్టేశాయి. ఆ సెప్టెంబర్‌లోనే సంస్థ దివాలా తీసింది.

మనకూ ఆ ముచ్చట తగిలింది. 2014 జులైలో మన ఎన్ఐసీ గొలుసు నుంచి గూగుల్ పేర్ల మీద అనుమతి లేని సర్టిఫికెట్లు వచ్చినట్టు గూగుల్ గుర్తించింది. కంట్రోలర్ జులై 3న ఎన్ఐసీకి ఇచ్చిన ఇజాజత్ సర్టిఫికెట్లను రద్దు చేశాడు. ఆ తర్వాత క్రోమ్ బ్రౌజర్ భారత రూట్‌ను కొన్ని పేర్లకే పరిమితం చేసింది. ఒక లంకె తప్పుకు పైన ఉన్న ఉస్తాద్ ఇజ్జత్ కూడా తగ్గింది.

ఈ ఖయానత్‌ల తర్వాత వచ్చిన ఉపాయం చూస్తే నాకు అస్మావుర్రిజాల్ గుర్తుకొచ్చింది. రావీల జీవితాలన్నీ బహిరంగంగా రాసిపెట్టి, ఎవరు సత్యవంతుడో, ఎవరి జ్ఞాపకం ముసలితనంలో చెడిందో ఎవరైనా తిరగేసి చూసేలా చేసిన ఇల్మ్ అది. ఇప్పుడు ప్రతి సర్టిఫికెట్‌నూ అందరికీ కనిపించే పెద్ద బహీఖాతాల్లో ఎక్కిస్తారు. 2018 నుంచి క్రోమ్ అలా ఎక్కని కొత్త సర్టిఫికెట్‌ను ఒప్పుకోవడం లేదు. చీకట్లో ముహర్ వేయడం కష్టమైంది.

సరంగు ఓడలో ఎన్ని ముహర్‌లు

ఇక మా భాంజా పనికి వద్దాం. ప్యాపిలి మీదుగా పోయే 44వ నంబర్ హైవే మీద కంటైనర్ లారీలు రోజూ చూస్తాం. లోపల ఏ సరుకున్నా డబ్బా కొలత ఒకటే, అందుకే ఏ లారీకైనా, ఏ ఓడకైనా సరిపోతుంది. సాఫ్ట్‌వేర్‌ను కూడా అలా డబ్బాల్లో పెట్టడం నేర్చుకున్నారు. వందల డబ్బాలను ఏ మెషిన్ మీద దించాలి, ఒకటి చస్తే ఇంకొకటి ఎక్కడ లేపాలి అని చూసుకోవడానికి గూగుల్ 2014లో కుబెర్నెటిస్‌ను బయటపెట్టింది. గ్రీకులో ఆ మాటకు చుక్కాని పట్టేవాడని అర్థం. మన మాటలో సరంగు.

ఈ ఓడలో ఎవరూ ఎవరినీ ముఖం చూసి నమ్మరు. హుకుం ఇచ్చే సర్వర్‌కు ఒక సర్టిఫికెట్, లెక్కలు దాచే ఖజానాకు ఒకటి, ప్రతి మెషిన్ మీదా కూర్చున్న పనివాడికి ఒకటి. వీటన్నిటికీ దస్తఖత్ చేసే సొంత ఖాజీ క్లస్టర్ లోపలే ఉంటాడు. క్యూబ్ఆడ్మ్ అనే పనిముట్టుతో క్లస్టర్ కడితే, మామూలుగా ఆ ఖాజీ మీయాద్ పదేళ్ళు, అతనిచ్చే ముహర్‌ల మీయాద్ ఒక్క ఏడాది. క్లస్టర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చినప్పుడల్లా ముహర్‌లు తమంతట తామే తాజా అవుతాయి. బాగానే నడుస్తోందిగా, ముట్టుకోవడమెందుకని ఏడాది వదిలేస్తే గడువు తీరిపోతుంది. అప్పుడూ నడుస్తున్న డబ్బాలు వెంటనే ఆగవు. హుకుం వినేవాడు ఉండడు, చచ్చినదాన్ని లేపేవాడు ఉండడు.

దీని ఇలాజ్ కూడా ఉంది. సర్ట్ మేనేజర్ అనే ప్రోగ్రామ్‌కు ఈ పని అప్పగిస్తే, మీయాద్‌లో మూడింట రెండొంతులు గడిచేసరికి అదే కొత్త సర్టిఫికెట్ తెచ్చిపెడుతుంది. తొంభై రోజులదైతే అరవయ్యో రోజున. చివరి రాత్రి దాకా ఆగదు. అయినా రెండు మెలికలున్నాయని వాడు చెప్పాడు. కొత్త ముహర్ పెట్టెలో పడినా, పనిచేసే ప్రోగ్రామ్ లేవగానే చదివిన పాతదాన్నే గుర్తు పెట్టుకుని కూర్చుంటే లాభం లేదు. దాన్ని మళ్ళీ చదివించాలి. రెండోది, ఆ పెట్టె పేరు సీక్రెట్ అయినా లోపలిది బేస్64 అనే లిపిలో తిప్పి రాసిందే, తాళం వేసింది కాదు. పరదా వేరు, తాళం వేరు. ఎవరు తెరవొచ్చో హద్దులు పెట్టాలి, ఖజానాలో రాసేటప్పుడు గుప్తం చేయమని విడిగా చెప్పాలి.

ఇకమీద ఇది చేత్తో అయ్యే పని కూడా కాదు. లోకమంతా నమ్మే వెబ్‌సైట్ సర్టిఫికెట్ల మీయాద్ 398 రోజులు ఉండేది. బ్రౌజర్ల, సర్టిఫికెట్ సంస్థల ఫోరం 2025 ఏప్రిల్‌లో చేసిన ఫైసలా ప్రకారం 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే. దొంగ చేతిలో పడిన ముహర్ ఎంత తొందరగా చస్తే అంత మేలన్నది ఆలోచన. మరచిపోతే ఎంతటివాళ్ళకైనా దెబ్బే. 2018 డిసెంబర్ 6న ఎరిక్సన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్ గడువు తీరి బ్రిటన్‌లో ఓటూ కంపెనీ కోట్లాది ఖాతాదారుల మొబైల్ ఇంటర్నెట్ ఆగిపోయింది. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ టీమ్స్ కూడా అలాగే ఆగింది.

అమానత్

నేను మా భాంజాను అడిగాను. "బేటా, తస్దీఖ్ బంద్ చేస్తే ఏమవుతుంది? రిపోర్టులు వస్తున్నాయి కదా?"

"వస్తున్నాయి మామూ. లోపలికి దూరినవాడెవడైనా నేనే డేటాబేస్ అంటే మా ప్రోగ్రామ్ నమ్మేస్తుంది. వాడు రిపోర్ట్ చదవొచ్చు, మార్చొచ్చు. ఎవరి రక్తంలో షుగర్ ఎంతో, ఎవరికి ఏ రోగమో."

లక్షను రెండు లక్షలు చేసినవాడు గుర్తొచ్చాడు. ఇక్కడ మారేది దిర్హమ్ కాదు, మనిషి మందు. రోగి తన రిపోర్టును మన చేతిలో అమానత్‌గా పెడతాడు. ముహర్ గడువు తీరి పని ఆగడం ఒక్క రాత్రి తక్‌లీఫ్. అందరికీ కనిపిస్తుంది, అందరూ తిడతారు, ఎవరో ఒకరు సరిచేస్తారు. ముహర్ చూడటమే మానేస్తే పని ఆగదు, ఎవరూ తిట్టరు, శభాష్ కూడా అంటారు. ఖయానత్‌కు తలుపు మాత్రం తెరిచే ఉంటుంది. ఈ రెండింటిలో ఏది పెద్ద ముసీబత్ అన్నది వాడికి నేను చెప్పాల్సి రాలేదు.

ఈద్ మర్నాడు మా ఇంటి మేడ మీద ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, పై అధికారికి జరిగింది చెప్పి, కొత్త సర్టిఫికెట్ చేసి, తస్దీఖ్ మళ్ళీ చాలూ చేశాడు. జొహర్ అజాన్ దాకా పట్టింది. తర్వాత ఒక కాగితం అడిగాడు. క్లస్టర్‌లో ఏ ముహర్ ఎక్కడుంది, ఎవరిచ్చారు, ఎప్పుడు తీరుతుంది అని వరుసగా రాశాడు. రేపు తాను ఆ ఉద్యోగంలో లేకపోయినా తర్వాతివాడు ఇరవై ఏడో రాత్రి దువా కోసం మామూకు ఫోన్ చేయాల్సిన అవసరం రాకూడదని.

మన పిల్లలు చాలామంది ఇప్పుడు ఈ పనుల్లో ఉన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళకు వాళ్ళు చేసేదేమిటో అర్థం కాదు, ఏదో కంప్యూటర్ అంటాం. ఈసారి వాళ్ళు ఊరికొచ్చినప్పుడు అడగండి, నీ దగ్గర ఎవరి అమానత్ ఉంది, దాని ముహర్ మీయాద్ ఎప్పటిదాకా అని. మీ ఇంట్లో తాతల సనద్‌లు, ఇనాం కాగితాలు సందూక్‌లో ఉంటే వాటినీ ఒకసారి బయటికి తీసి చూడండి.

ఖుదా హాఫిజ్.